గదువ మీద మూడు చుక్కలు

ఇటు రండమ్మా, ఇంకా దగ్గరికి జరగండి. పొయ్యి మీద పాలుంటే దించేసి రండి. ఈరోజు చెప్పేది మధ్యలో లేచి వెళ్ళే సంగతి కాదు.

పోయిన వారం నా ఫోటోకు దండ పడిన దగ్గర ఆపాను కదా. ఇంకా అక్కడే ఉన్నాం. పద్మారావు నగర్‌లో మా ముందుగది, బుధవారం పొద్దున పదకొండు గంటలు. బల్ల మీద గోడకు ఆనించి మూరెడు ఫ్రేము. ఫ్రేములో గళ్ళ చీర కట్టుకున్న పిల్ల. మెడలో గంధపు చెక్కల దండ. ఆ ముఖం పదిహేడేళ్ళ నాది. ఎదురుగా అల్లం దంచే రోకలి పట్టుకుని నిలబడింది అరవై ఏడేళ్ళ నేను.

"తిరుమల్, ఇది మీ అమ్మ కాదు కొడుకా," అన్నాను. "ఈ మొఖం నాది. మీ చిన్నమ్మది."

ముందుగా కదిలింది నా కోడలు స్వర్ణలత. వంటింట్లోకి ఉరికి గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండు మిరపకాయలు తెచ్చి నా తల చుట్టూ తిప్పడం షురూ చేసింది.

"బతికున్న మనిషికి దండేస్తరా ఎవరన్న! థూ, థూ! కదలకు అత్తమ్మా!"

"జెర మెల్లగ తిప్పవే. ఉప్పు కండ్లల్ల పడ్తుంది. బతికున్నదాన్ని గుడ్డిదాన్ని చేస్తవా ఏందీ?"

కొత్త ఫ్రేము నాకు చూపించడానికి మొగుడితో కలిసి తెచ్చి, దానికి దండ వేసింది తిరుమల్ భార్య సుకన్య. పాపం, దండ తీయబోయి మళ్ళీ చేయి వెనక్కి తీసుకుంది. "నాకేం ఎరుక చిన్నత్తమ్మా! దండ సరిపోతదా లేదా అని జెర ఏసి చూసిన, అంతే."

"సరిపోయింది లేవే. దండల నేను మంచిగనే ఉన్న."

ఎవరూ నవ్వలేదు. తిరుమల్ అసలే నవ్వలేదు.

తిరుమల్ మా అక్క సక్కుబాయి కొడుకు. వాడికి తొమ్మిది నెలలప్పుడు అక్క జ్వరంతో పోయింది. మూడేళ్ళు నా ఒళ్ళోనే పెరిగాడు. ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాడు. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణం పెట్టి, యాప్రాల్‌లో ఇల్లు కట్టాడు. శుక్రవారం గృహప్రవేశం. ఆ ఇంట్లో సోఫా కంటే ముందు, ఫ్యాను కంటే ముందు, హాలు గోడకు ఒక మేకు కొట్టించి పెట్టాడు. అమ్మ ఫోటోకు. తల్లి ముఖం వాడికి గుర్తే లేదు మరి.

అక్క దిగింది ఒకే ఒక్క ఫోటో, అది కూడా నాతో కలిసి. పోస్టుకార్డంత నలుపు తెలుపు కాగితం. ఎడమ పక్క సాదా చీరలో నేను, కుడి పక్క గళ్ళ చీరలో అక్క. తిరుమల్ రెండేళ్ళ పిల్లవాడప్పుడు రేకుల కప్పు కారి, ఆ వాన నీళ్ళు సరిగ్గా గళ్ళ చీర మనిషి ముఖం మీద పడ్డాయి. కనుబొమల నుంచి పై పెదవి దాకా తెల్లటి మరక. దాన్ని బాగు చేసి అమ్మను చూపించమని వాడు నా మనవరాలు సృజనను అడిగాడు.

సృజనది అదే పని. ఇంట్లో కూర్చుని స్టూడియోల వాళ్ళకు పెళ్ళి ఆల్బంలు తయారు చేస్తుంది. కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకుకు ఇంకో ఫోటోలోంచి కళ్ళు తెచ్చి తెరిపిస్తుంది. అలిగి పెళ్ళికి రాని మేనమామను తెచ్చి అక్షింతలు వేస్తున్నట్టు నిలబెడుతుంది. నేను పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూశాను. చూస్తే నోరు మూతపడదు.

"సృజనా," అన్నాడు తిరుమల్. గొంతు చిన్నగా ఉంది. వాడు అరిస్తే నాకు భయం లేదు. గొంతు చిన్నదైతేనే భయం. "నానమ్మ అన్నది నిజమేనా?"

సృజన గోడకు అతుక్కుపోయి నిలబడింది. "సగం నిజం, పెదనాన్నా."

"మొఖం సుత సగం ఉంటదా?"

"మరక కింద ఏం లేకుండె పెదనాన్నా. ఒక్క గీత సుత లేదు. జుట్టు, నొసలు, మెడ, చీర అన్నీ గళ్ళ చీర ఆమెవే. కండ్లు, ముక్కు, నోరు మాత్రం పక్కనున్న నానమ్మ మొఖం నుంచి తీసి కలిపిన. ఇద్దరు ఒక్క తీరుగ ఉంటుండె అని నానమ్మనే ఎన్నిసార్లు చెప్పలే?"

"నాకు చెప్పొద్దా?"

"ఎట్లనన్న చేసి శుక్రవారం లోపల ఇయ్యి అన్నవ్ గద."

తిరుమల్ ఫ్రేము వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నిన్న దుకాణంల ఈ ఫోటో ఎదురుంగ పెట్టుకొని కూసున్న. గిరాకి వస్తే సుత లేవలే. అమ్మా అన్న. పిల్లలు ఏం చదువుతున్నరో చెప్పిన. ఇల్లు కట్టిన, వచ్చి చూడమన్న. ఎవరికి చెప్పిన ఇదంత? చిన్నమ్మకు! ఆమెకు రోజు ఫోన్ల చెప్తనే ఉన్న గద!"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేశాను.

"మా పిల్ల రెండు పెండ్లి ఆల్బంలు ఆపి మరీ చేసింది, బావా," అంది స్వర్ణలత ఉప్పు చేతిలోనే పట్టుకుని.

"చేసింది తియ్యి," అంది సుకన్య. "చిన్నత్తమ్మను తీస్కపోయి మా గోడకు కొట్టబోయింది."

"దండ తెచ్చింది ఎవరు అక్కా?"

"ఫోటో ఇచ్చింది ఎవరు మరి?"

"మీరిద్దరు జెర ఊకోండ్రి!" అన్నాను.

తిరుమల్ ఎవరి మాటా వినలేదు. ఫ్రేము మీద నుంచి దండ తీసి, పెద్ద దస్తీలో మడత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. గడప దగ్గర చెప్పులేసుకుంటూ అన్నాడు.

"మేకు ఖాళీగనే ఉండనియ్యి. నాకు అమ్మ మొఖం లేదు. లేదని ఇన్నేండ్లు ఎరుకనే ఉండె. నిన్న ఒక్క దినం ఉందనుకున్న, గంతే."

సుకన్య నా చేయి ఒకసారి నొక్కి వాడి వెనకాల వెళ్ళిపోయింది. ఫ్రేము మా బల్ల మీదే ఉండిపోయింది. స్వర్ణలత దాన్ని చూడలేక గోడ వైపు తిప్పి పెట్టింది.

అన్నం ఎవరూ తినలేదు. సృజన గదిలో లాప్‌టాప్ మూసేసి, దాని మీద తల పెట్టి పడుకుంది.

"ఇగ ఈ పని చెయ్య నానమ్మా. ఎవ్వరి మొఖం ముట్ట."

"లెవ్వు, లెవ్వు. ఏడ్చుడు శుక్రవారం తర్వాత ఏడ్వొచ్చు. అక్క మొఖం నా కండ్లల్ల ఉంది. నేను చెప్తా, నువ్వు గియ్యి. ముందుగాల గదువ మీద మూడు చుక్కలు పెట్టు. చుక్కలు లేకుంటే ఆమె మా అక్కనే కాదు."

"ఏం చుక్కలు?"

చూశారా, ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు నేను. అన్నీ చెప్పాననుకుంటాను.

మా నాయన బొల్లారంలో దర్జీ. మిలిటరీ వాళ్ళ బట్టలు కుట్టేవాడు. నాకు ఆరేళ్ళు, అక్కకు తొమ్మిదేళ్ళప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆమె మా వాకిట్లోకి వచ్చింది. అక్క, నేను, పక్కింటి ప్రేమమణి వరసగా కూర్చున్నాం. పిల్లకు మూడు చుక్కలు, కింది పెదవి కింద, గదువ మీద. అక్క రెప్ప కొట్టకుండా మూడూ పొడిపించుకుంది. నా వంతు వచ్చింది. మొదటి చుక్కకే నేను గుంజుకుని లేచి ఉరికాను. నాయన మిషను కింద దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ ఒక్క చుక్క కూడా వంకరగా పడింది. పచ్చబొట్ల ఆమె మా అవ్వను అడిగిందట, మిగిలినవి ఎప్పుడు పొడవాలని. "ఉండనియ్యి, ఇద్దరిని గుర్తుపట్టెటందుకు పనికొస్తది," అందట మా అవ్వ.

ఇదంతా చెప్పి నా గదువ చూపించాను. సృజన తల ఎత్తింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"నానమ్మా, ఆ చుక్కలు ఫోటోల ఉండె. నేనే తుడిచేసిన."

"ఏం తుడిచినవ్?"

"దుమ్ము అనుకున్న! పాత ఫోటో స్కాన్ చేస్తే మస్తు దుమ్ము మచ్చలు వస్తయ్. ముందుగాల అవన్నీ తుడుస్త. గదువ మీద చిన్న చిన్న నల్ల చుక్కలు కనబడ్డయ్. తుడిచేసిన."

"మా అవ్వ రెండణాలిచ్చి పొడిపించినయి దుమ్మా!"

"ఆగు నానమ్మా. పోలేదు అవి. అడుగున అట్లనే ఉన్నయ్."

లాప్‌టాప్ తెరిచింది. ఈ పిల్లల పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. అసలు ఫోటోను ముట్టరు. దాని మీద పొర వేసి ఆ పొర మీద పని చేస్తారు. మళ్ళీ ఇంకో పొర. పక్కన వరసగా చిన్న చిన్న కన్ను బొమ్మలు ఉంటాయి. ఏ కన్ను మూస్తే ఆ పొర మాయం. సృజన ఒక్కో కన్ను మూస్తూ పోయింది. ఫ్రేములోని పిల్లకు పెదాలు పోయాయి. ముక్కు పోయింది. కళ్ళు పోయాయి. వాన మరక తిరిగి వచ్చింది. చివరికి అడుగున, యాభై ఏళ్ళ కిందటి మేమిద్దరం మిగిలాం.

"ముందు నాది చూపెట్టు. సాదా చీర. నా చుక్క వంకరగా ఉందా లేదా చూద్దాం."

సృజన ఫోటోను పెద్దది చేసింది. గోరంత ముఖం తెర నిండా పరుచుకుంది. బూడిద రంగు నలుసులు, నలుసుల మధ్య ఒక పెదవి, పెదవి కింద గదువ.

ఒకటి. రెండు. మూడు.

"దుమ్ము గావచ్చు," అన్నాను.

"దుమ్ము గిట్ల వరసగ కూసుంటదా నానమ్మా?"

నా చేయి నా గదువ మీదికి పోయింది. వేలితో తడిమాను. వేలికి ఏం తెలుస్తుంది? అయినా తడిమాను.

"ఇంకొకామెది చూపెట్టు. గళ్ళ చీర."

తెర పక్కకు జరిగింది. తెల్లటి మరక, మరక అంచు, కింది పెదవి. దాని కింద ఒకే ఒక్క చుక్క. అదీ ఎడమకు ఒరిగి ఉంది.

సృజన నా వైపు చూసింది. నా గదువ వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది.

"నానమ్మా, మరక పడ్డది నీ మీద."

నా ముఖం నాకే తెలియలేదా అని మీరు అడుగుతారు. అడగండి, అడగాలి. మా ఇంట్లో అద్దం అరచేయంత. నొసలు కనబడితే నోరు కనబడదు. బొట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికే అది. నా పెళ్ళికి ఫోటోలు తీయలేదు. నేను మళ్ళీ ఫోటో దిగేనాటికి నాకు ఇద్దరు పిల్లలు, సగం పళ్ళు. కాగితం మీద ఏ ముఖం నాదో నేను గుర్తుపట్టింది చీరతో.

చీర! అప్పుడు గుర్తొచ్చిందమ్మా. ఒక్కసారి వచ్చి మీద పడింది.

సికింద్రాబాద్‌లో ఆ స్టూడియో. మేడమెట్లు గీసిన పెద్ద తెర. ఆ గళ్ళ చీర అక్కకు అత్తగారింట్లో పెట్టింది. నా కళ్ళన్నీ దాని మీదే. నేను అడగలేదు. అక్కే అంది, "ఒక్క ఫోటోకు కట్టుకోవే" అని. తెర వెనక ఇద్దరం చీరలు మార్చుకున్నాం. ఫోటో తీసే ఆయన బయట నుంచి దగ్గుతున్నాడు. తొందరలో పిన్నీసు నా నడుముకు గుచ్చుకుంది.

మరుసటి ఏడాది ఆ గళ్ళ చీర కప్పే అక్కను పంపించాం. అప్పటి నుంచి నా మనసులో గళ్ళ చీర అంటే అక్క. ఫోటోలోనూ గళ్ళ చీరే అక్క. యాభై ఏళ్ళుగా నా ముఖం అనుకుని అక్కనే చూస్తున్నాను. ఎవరు వచ్చినా చూపించి, "ఇగో, పడుచుతనంల నేను గిట్ల ఉంటి" అని మురిసిపోయాను కూడా.

"అంటే నేను కలిపిన కండ్లు..." అంది సృజన.

"మా అక్కవి!"

"ముక్కు, నోరు..."

"అన్నీ తిరుమల్ వాళ్ళ అమ్మవే! నిన్న వాడు మాట్లాడింది వాళ్ళ అమ్మతోనేనే పిల్లా!"

ఇద్దరం లేచి గంతులేశాం. నేను వేశానో లేదో కానీ మోకాలు ఆ రాత్రంతా నొచ్చింది. స్వర్ణలత పరుగెత్తుకొచ్చి, మళ్ళీ ఏమైందోనని ఉప్పు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

గంటసేపట్లో సృజన సాదా చీర మనిషిని ఒక్కదాన్నే వేరు చేసింది. నా చేయి అక్క భుజం మీద ఉంది. దాన్ని తీసేసి, భుజం కింద దాగిన చీరను పక్క మడతల నుంచి తెచ్చి పూరించింది. తీసేటప్పుడు ఎందుకో నా చెయ్యే చివుక్కుమంది. అలవాటుగా ముఖం తెల్లగా చేయబోయింది.

"ఏయ్! అక్క చామనఛాయ. అట్లనే ఉండనియ్యి. చుక్కలు ముట్టకు."

"ముట్ట నానమ్మా. ఈ జన్మల ముట్ట."

నాలుగు గంటలకు ఆటోలో యాప్రాల్ చేరాం. లాప్‌టాప్ సృజన ఒళ్ళో, అసలు ఫోటో కాగితం నా చేతి సంచిలో. తిరుమల్ నిచ్చెన మీద నిలబడి కిటికీకి రబ్బరు దూరుస్తున్నాడు. హాల్లో ఖాళీ మేకు. కింద నుంచే చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా, చుక్కలు, చీరలు, పిన్నీసు అన్నీ.

వాడు దిగాడు. తెర మీద అక్కను చూశాడు. వాడి ముఖం వెలగాలి కదా. వెలగలేదు.

"పొద్దున ఇది నేనే అన్నవ్. గిప్పుడు మీ అమ్మ అంటున్నవ్. నన్ను చూసి జాలిపడి అంటున్నవా చిన్నమ్మా?"

నేను సంచిలో చేయి పెట్టాను.

"చుక్కలు చూడు పెదనాన్నా," అంది సృజన. "మూడు ఉన్నయ్."

"ఒక్కటి మూడు చేసుడు నీకెంతసేపు బిడ్డా? పొద్దటి నుంచి ఏది అసలుదో, ఏది కలిపిందో నాకు ఎరుకైతలేదు."

సృజన కళ్ళు నిండాయి. నేను సంచిలోంచి కాగితం తీసి సుకన్య చేతిలో పెట్టాను. దీనికి పొరలు లేవు, కన్ను బొమ్మలు లేవు. సుకన్య కిటికీ వెలుగులో కాగితం పెట్టి, ఫోను కెమెరాతో పెద్దది చేసి చూసింది.

"ఏమయ్యా, నిజంగనే ఉన్నయ్. మూడు."

తిరుమల్ కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, చిన్నప్పుడు పట్టుకున్నట్టే నా గదువ పట్టుకుని వెలుగు వైపు తిప్పాడు.

"అంతా ముడతలే చిన్నమ్మా. ఆకుపచ్చగ అలికినట్టుంది. ఒక్కటో, మూడు కలిసి ఒక్కటైనయో ఎట్ల చెప్పాలె? గళ్ళ చీరామె చుక్కలు సుత రెండు వానకు పోయినయేమో. మూడు అమ్మవే అని ఎవరు చెప్పాలె?"

"నేను చెప్తలేనా?"

"పొద్దున చెప్పింది సుత నువ్వే గద."

గదిలో సున్నం వాసన. వాడిది మొండితనం కాదమ్మా, నాకు తెలుసు. ఒకసారి అమ్మా అని పిలిచి మోసపోయినవాడు రెండోసారి పిలవడానికి భయపడుతున్నాడు.

"ఆ రోజు పచ్చబొట్లకు ముగ్గురం కూసున్నం," అన్నాను నేను. "ప్రేమమణి ఇంకా బొల్లారంలనే ఉంది. నేను ఒక్క మాట మాట్లాడ. నువ్వే అడుగు."

తిరుమల్ దుకాణం వ్యాను తాళాలు తీశాడు.

దారి పొడుగునా నేను నోరు మూసుకునే కూర్చున్నాను. సృజన మాటిమాటికీ నా వైపు చూసింది, ఒంట్లో బాగుందా లేదా అని.

ప్రేమమణి వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. నేను పెదాల మీద వేలు పెట్టుకుని పక్కకు జరిగాను. తిరుమల్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నేను సక్కుబాయి కొడుకును. మీ ముగ్గురికి పచ్చబొట్లు పొడిచిన నాడు ఏమైందో జెర చెప్తవా?"

"అయ్యో, సక్కు కొడుకువా!" ఆమె వాడి తల మీద చేయి పెట్టింది. "ఏమయితది నాయనా. సక్కు మూడు పొడిపించుకుంది. నేను మూడు పొడిపించుకున్న. ఇగో, ఈ ఉరుకులాడి ఒక్కటి పడంగనే ఉరికింది. మీ తాత మిషను కింద దూరి, కాలు పట్టి గుంజితే తన్నింది సుత. ఎవర్ని తన్నింది? నన్ను! గింత సంబంధం లేని నన్ను!"

నేను మాట ఇచ్చాను కాబట్టి ఏమీ అనలేదు. లేకపోతే దానికి అప్పుడే తగిన జవాబు చెప్పేదాన్ని.

తిరుమల్ సృజన వైపు చూశాడు. సృజన లాప్‌టాప్ తెరిచి ప్రేమమణి ఒళ్ళో పెట్టింది. ప్రేమమణి కళ్ళద్దాలు పైకి జరుపుకుంది. తెర మీద ఒక్కతే పిల్ల, సాదా చీరలో.

"సక్కు," అంది. ఎవరూ అడగకముందే అంది. తర్వాత వేలితో చీర ముట్టుకుని, అదే వేలితో నన్ను చూపించింది. "ఈ కమలది చీర కట్టింది గద. స్టూడియోల మార్చుకున్నరు వీళ్ళు. తెర పట్టుకొని నిలబడ్డది నేనే."

తిరుమల్ లాప్‌టాప్‌ను రెండు చేతులతో తన వైపు తిప్పుకున్నాడు. ఈసారి గట్టిగా పిలవలేదు. పెదాలు కదిలాయి, అంతే. అమ్మా అన్నాడని నాకు తెలుసు. జేబులోంచి దస్తీ తీశాడు. దస్తీ మడతలో పొద్దుటి దండ. దాన్ని కళ్ళకు అద్దుకున్నాడు.

నేను ఇక ఆగలేకపోయాను. "చెప్పిననా లేదా? చెప్పిననా లేదా కొడుకా!"

"చెప్పినవ్ చిన్నమ్మా. రెండు తీర్ల చెప్పినవ్," అన్నాడు వాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు కోసం పొద్దుటి నుంచి చూస్తున్నాను నేను.

"గిది సక్కగనే ఉంది," అంది ప్రేమమణి ఫోటో చూస్తూ. "ఇంకోటేమైంది మరి?"

"ఏ ఇంకోటి?" అన్నాను.

"రెండు తీసిండు గద ఆ దినం. మొదటిసారి నీకు పిన్ను గుచ్చుకొని ఎగిరినవ్. నిన్ను చూసి సక్కు పడిపడి నవ్వింది. ఫోటో ఖరాబైందని ఆయన మల్ల తీసిండు. ఆ ఖరాబైంది పారేస్తుంటే నేనే అడిగి తెచ్చుకున్న. మీకు చెప్పలేనా?"

చెప్పలేదు. యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు అన్నీ గుర్తున్నాయనుకుంటానా, నాకు తెలియని అక్క నవ్వు ఒకటి బొల్లారంలో, ఒక ఇంట్లో ఇన్నాళ్ళూ ఉంది!

తిరుమల్ లేచి నిలబడ్డాడు. "అమ్మ నవ్వుతదా అండ్ల?"

"నోరంత తెరిచి."

"ఏడ ఉంది పెద్దమ్మా?"

ప్రేమమణి లోపలి గది సజ్జ మీదికి చూపించింది. బట్టల మూటల వెనక ఒక రేకు పెట్టె, దాని మూత మీద గోడ చెమ్మకు పట్టిన తుప్పు. తిరుమల్ స్టూలు లాగి ఎక్కాడు. సృజన కింద నుంచి ఫోను లైటు వేసింది. నేను స్టూలు కాలు పట్టుకున్నాను. లోపల కాగితం ఉందో, చెమ్మ తినేసిందో ఎవరికీ తెలియదు. తుప్పు మూత కిర్రుమని కొంచెం లేచింది.

పెట్టెలో ఏముందో వచ్చే వారం చెప్తాను; మూత ఇంకా తెరుచుకోకముందే మిమ్మల్ని ఒకటి అడుగుతాను తల్లీ. మూడు చుక్కలది సక్కుబాయి, ఒక్క చుక్కది కమలాబాయి. ఇది గుర్తు పెట్టుకోండి. మీ ఇంటికి వెళ్ళి ఇంకొకరికి చెప్పండి, వాళ్ళను ఇంకొకరికి చెప్పమనండి. నా గుర్తు మీద నాకున్న నమ్మకం ఆ రోజుతో పోయింది. కాగితం మీద పెట్టుకుంటే వాన తుడిచింది, తెర మీద పెట్టుకుంటే దుమ్మనుకుని పిల్ల తుడిచింది. ఇంతమంది నోట ఉంటే ఇక ఎవరు తుడుస్తారో చూస్తాను.